శవం వేషం నాది

నాటకంలో నాకు శవం వేషం ఇచ్చినారు. ముప్పై ఏండ్లు దాటినా ఆ కోపం నాకు ఇంకా పోలేదు. డైలాగులు రావనుకుంటే నౌకరు వేషమో, గుర్రపుబండి తోలేవాని వేషమో ఒకటి కొత్తగా రాసి ఇయ్యొచ్చు. అబ్బే, శవం. మొదటి సీనులో ఒకసారి దగ్గి, ఈ సముద్రపు గాలి నా రొమ్ముకు మంచిదంట అని ఒక్క మాట అనాల. రెండో సీనులో తెర లేచేసరికి చచ్చిపోయి ఉంటా. అక్కడి నుంచి నాటకం అయిపోయేదాకా కదలకుండా పడి ఉండడమే.

వేషాలు పంచింది మా బావ, మా అక్క మొగుడు. నాటకం రాసింది ఆయనే, ఆడించేది ఆయనే, అందులో ఇన్‌స్పెక్టరు ఆయనే. నాకు శవమేంది బావా అని నేను ఎగిరితే, నువ్వు నోరు తెరిస్తే తగువే గదా బామ్మర్దీ, అందుకే నోరు తెరవని వేషం చూసి ఇచ్చినా అన్నాడు. గదిలో అందరూ పడీపడీ నగినారు. బావా బామ్మర్దుల మధ్య అది మామూలే గానీ, నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ రోజు సంగటి తినకుండా లేచి సముద్రం ఒడ్డుకు పోయి కూర్చున్నా. కాసేపటికి ఆకలేసి నేనే వచ్చి తిన్నా.

మేము ఉండింది కువైట్‌లో, మహబూలా అనే చోట. అప్పటి మహబూలా ఇప్పటి మాదిరి కాదు. ఇప్పుడు చూస్తే ఎటు తిరిగినా బిల్డింగులు, బిల్డింగు నిండా మనోళ్ళు. అప్పుడు అక్కడక్కడా నాలుగు మిద్దెలు, మిగతాదంతా ఇసుక, ఇసుక దాటితే సముద్రం. రాయచోటి దిక్కు నుంచి పోయినోళ్ళం మేము. సముద్రమంటే ఏందో అక్కడికి పోయినాకనే చూసినాం. శుక్రవారం వస్తే పండగే. నేను షువైఖ్‌లో కార్ల గ్యారేజీలో మెకానిక్కును. వారమంతా ఆయిలు మరకలు, అర్బాబు అంటే మా ఓనరు, వాని అరుపులు. శుక్రవారం పొద్దున తలకు పోసుకుని, ఊరి నుంచి ఎవరో ఒకరు మోసుకొచ్చిన రాగిపిండితో సంగటి కెలికి, కోడి కూర వండుకుని, అందరం నేల మీద పేపర్లు పరచి తినేవాళ్ళం. ఆ రుచి మళ్ళీ నాకు యాడా దొరకలేదు. మా ఇంట్లో మా ఆడమనిషి చేసినా దొరకలేదు. ఆ మాట ఆమె ముందు అంటే ఇంకేమన్నా ఉందా.

బావ కువైట్ సిటీ పక్కన ఒక పెద్దింట్లో డ్రైవరు. ఆ ఇంటి పిల్లలకు ఇంగ్లీషు చెప్పేదానికి ఒక తెల్లామె వచ్చేది, ముసలామె. ఆమెను తీసుకురావడం, దిగబెట్టడం బావ పని. కారులో ఉత్తినే కూర్చోలేక ఆమె కథలు చెప్పేది. బావకు వచ్చిన ఇంగ్లీషు కొంచెం, ఆమెకు వచ్చిన హిందీ ఇంకొంచెం. ఆ రెండిట్లో ఏం దొర్లిందో ఏం దొర్లలేదో గానీ, విక్టోరియా రాణి కాలంలో, ఇంగ్లీషోళ్ళ దేశంలో, సముద్రం ఒడ్డున ఒక సత్రంలో జరిగిన హత్య కథ మాత్రం మా గదికి వచ్చి పడింది.

కథ చెబుతా, చిన్నదే. రొమ్ము జబ్బు ఉండే ఒక షావుకారు, సముద్రపు గాలికి బాగవుతుందని ఆ ఊరికి వస్తాడు. ఒక విధవరాలు నడిపే సత్రంలో దిగుతాడు. ఆ కాలంలో వాళ్ళు మన మాదిరి ఉత్తినే సముద్రంలోకి దిగరంట. చక్రాల మీద చెక్కగది లాంటి బండి ఉంటుందంట. ఇసుకలో ఉత్తకాళ్ళతో నడిచిపోయి ఆ బండి ఎక్కాల, లోపలే బట్టలు మార్చుకోవాల, దాన్ని గుర్రంతో నీళ్ళదాకా ఈడ్పిస్తే వెనక వాకిలి గుండా నీళ్ళలోకి దిగాల. సిగ్గంట. ఒక పొద్దు ఆ షావుకారు ఆ బండిలో ఈతబట్టలతో చచ్చిపడి ఉంటాడు. చల్లటి నీళ్ళకు గుండె ఆగిందని డాక్టరు అంటాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి శవాన్ని పైనుంచి కిందికి చూసి, ఈ మనిషి పాదాలకు ఇసుక ఏది అని అడుగుతాడు. ఇసుక లేదంటే నడిచి రాలేదు. నడిచి రాలేదంటే సత్రంలోనే చచ్చినాడు, ఎవరో తెచ్చి బండిలో పడేసినారు. అంతకు ముందు కూడా ఇద్దరు ముసలోళ్ళను పాలల్లో మందు కలిపి చంపి, వాళ్ళ సొమ్ము కాజేసిన ఆ సత్రం ఆమే ఈయన్నూ చంపింది.

బావ ఈ కథ మొదటిసారి చెప్పిన శుక్రవారం నాకు బాగా జ్ఞాపకం. సంగటి ముద్ద చేతిలో ఎండిపోతా ఉన్నా ఎవ్వరం లేవలేదు. అయిపోయినాక అందరం ఒకటే మాట, దీన్ని నాటకం ఆడాల్సిందే అని. ఆగస్టులో మనోళ్ళంతా ఒక హాలు మాట్లాడుకుని ఆటాపాటా పెట్టుకుంటారు, అందులో వేద్దామనుకున్నాం. బావకు ఊర్లో చిన్నప్పటి నుంచీ నాటకాల పిచ్చి. కువైట్‌కు వచ్చి స్టీరింగు పట్టుకున్నాక ఆ పిచ్చి లోపలే కుమిలి ఉండింది. ఇప్పుడు బయటికి వచ్చింది. డైలాగులన్నీ గ్రాంథికంలో రాసినాడు. రాణి కాలం ఇంగ్లీషోళ్ళు మరి.

సత్రం ఆమె వేషం ఎవరు వేస్తారు? మనోళ్ళ ఆడోళ్ళు ఇండ్లల్లో పని చేసేవాళ్ళు, వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, వాకిలి దాటనియ్యదు. కడాకు మా గదిలోనే ఉండే దర్జీ భాయ్ ఒప్పుకున్నాడు. ఆయనదీ రాయచోటే, మాకందరికీ పెద్దదిక్కు. అరబ్బీ అరబ్బోళ్ళ కంటే బాగా మాట్లాడతాడు. అన్నీ బాగున్నాయి గానీ మనిషికి రొమ్ము దాకా గడ్డం. గడ్డం తీయమంటే, వేషం మానుకుంటా గానీ గడ్డం తీయనన్నాడు. సరే, విధవరాలు గదా, మొగం కనపడకుండా గుడ్డ కప్పుకుంటుందిలే అని బావ సర్దుబాటు చేసినాడు. డాక్టరు, షావుకారు మేనల్లుడు, ఈ రెండు వేషాలూ గదిలో ఇంకో ఇద్దరు వేసినారు. రిహార్సళ్ళు మా గ్యారేజీలో. ఏసీ వచ్చిన పెద్ద చెక్క డబ్బాకు పాత టైర్లు కట్టి సముద్రం బండి చేసినాం. నేను దాంట్లో ముడుచుకుని పడి ఉంటే లోపల ఉడికిపోయేది. కండ్లు మూసుకుని వాళ్ళ డైలాగులన్నీ వినీవినీ, నాటకమంతా నాకే నోటికి వచ్చింది. చెప్పేదానికి మాత్రం లేదు.

ఇంక ఇన్‌స్పెక్టరు బట్టల సంగతి. ఆ కథలో ఇన్‌స్పెక్టరు మామూలు కోటు, టోపీ వేసుకుంటాడని తెల్లామె చెప్పిందంట. ఆ మాట బావే చెప్పినాడు. చెప్పి, అది కుదరదన్నాడు. మన జనం ముందు ఇన్‌స్పెక్టరు అంటే ఖాకీ ఉండాల, భుజాన నక్షత్రాలు ఉండాల, నడుముకు బెల్టు, చంకలో కర్ర ఉండాల. కోటేసుకుని వస్తే ఎల్‌ఐసీ ఏజెంటు అనుకుంటారు అన్నాడు. నిజమే, మా ఊర్లో నేను చూసిన నాటకాలన్నిట్లో కడా సీనులో ఖాకీ బట్టలు వస్తేనే జనం చప్పట్లు కొట్టేది. విక్టోరియా రాణి వచ్చి చెప్పినా మేము వినేవాళ్ళం కాదు.

దర్జీ భాయ్ పని చేసే అంగట్లో అక్కడి పోలీసోళ్ళకు బట్టలు కుట్టేవాళ్ళు. ఆ తానులో మిగిలిన ముక్కలు కలిపి భాయ్ బావకు కుట్టినాడు, అదే కత్తిరింపు, అవే జేబులు. నక్షత్రాలు మాత్రం నేను చేసినా. పాలపొడి డబ్బా రేకు కత్తిరించి, గ్యారేజీలో రుద్ది తళతళా మెరిసేటట్లు చేసినా. బావ ఆ బట్టలు తొడుక్కుని అద్దం ముందు నిలబడిన రోజు, నవ్వుదామని నోరు తెరిచి కూడా నేను నవ్వలేకపోయినా. నిజంగానే బాగున్నాడు. కఫీల్, అంటే ఆ పెద్దింటి యజమాని ముందు వంగీవంగీ ఆ మనిషి నడుము అంత నిటారుగా ఉంటుందని నేను మరిచిపోయినా. మా అక్క చూడాల ఇది అనిపించింది.

శుక్రవారం అందరం బట్టలేసుకుని పూర్తిగా ఒకసారి ఆడాలని అనుకున్నాం. గురువారం తెల్లారేసరికి ఇరాక్ వాళ్ళు వచ్చినారు.

మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. దూరంగా దబదబా శబ్దాలు, సిటీ మీద పొగ. రేడియో ఒకసారి ఏడుపు గొంతుతో మాట్లాడి ఆగిపోయింది. రోడ్డు మీద ట్యాంకులు పోతా ఉంటే మేము మిద్దె మీద నిలబడి తిరనాల చూసినట్లు చూసినాం, బుద్ధిలేక. తర్వాత తర్వాత తెలిసింది. నా గ్యారేజీ తాళాలు పగలగొట్టి కార్లన్నీ తోలుకుపోయినారు. అంగళ్ళు ఖాళీ. బావ వాళ్ళ కఫీల్ కుటుంబమంతా ఎండలకని ముందే దేశం దాటి పోయింది, తెల్లామె కూడా. అందుకే బావ మాతోనే మహబూలాలో ఉన్నాడు. డాక్టరు వేషం, మేనల్లుడి వేషం ఇద్దరూ ఎవరిదో కారులో చోటు దొరికితే పోయినారు. గదిలో మిగిలింది మేము ముగ్గురం. ఇండియాకు పోయేదానికి బాగ్దాదు మీదుగా బస్సులు పెడతారంట, ఈరోజు రేపు అంటా ఉండిరి. కుబ్బూస్ రొట్టె ముక్కలు నీళ్ళలో నానబెట్టుకుని తింటా ఎదురు చూసినాం.

అప్పుడు ఇండ్లు వెతకడం మొదలుపెట్టినారు. కువైటీ పోలీసోళ్ళు, మిలిట్రీవాళ్ళు బట్టలు విప్పేసి జనంలో కలిసిపోయి దాక్కున్నారని, వాళ్ళ కోసం వెతుకుతా ఉన్నారు. ఇంట్లో యూనిఫారం దొరికితే మనిషిని తీసుకుపోయి కాల్చేస్తున్నారని పక్క బిల్డింగు వాళ్ళు వచ్చి చెప్పినారు. మేము ముగ్గురం ఒకరి మొగం ఒకరు చూసుకున్నాం. మంచం కింద పెట్టెలో ఇస్త్రీ చేసిన ఇన్‌స్పెక్టరు బట్టలు ఉన్నాయి.

కాల్చేద్దాం అన్నా నేను. పొగ వస్తే అందుకే వస్తారు అన్నాడు భాయ్. ముక్కలు చేద్దామంటే, ముక్కలైనా ఆ గుడ్డ రంగు ఎవరికైనా తెలుస్తుందన్నాడు. బావ పెట్టెను మంచం కింద ఇంకా లోపలికి నెట్టినాడు. ఆయనకు ఆ బట్టలు కాల్చడం, చించడం ఇష్టం లేదని నాకు తెలుసు. నేను చెడామడా తిట్టినా. నీ నాటకం పిచ్చికి మా అక్క తాళి తెగేటట్లుంది అన్నా. అనకూడని మాటే, కోపంలో వచ్చేసింది. బావ తల వంచుకుని, పొద్దున సముద్రం ఒడ్డున ఇసుకలో పూడ్చి వస్తాలే అన్నాడు.

ఆ ఒడ్డునే వాళ్ళు కందకాలు తవ్వుతా ఉన్నారు. అమెరికా వాళ్ళు సముద్రం మీంచి దిగుతారని భయం. ఆ సంగతి మాకు తెలియదు. బట్టల సంచి చంకలో పెట్టుకుని, ఒక్కడే ఇసుక తవ్వుతా ఉన్న మనిషిని చూస్తే వాళ్ళు ఊరుకుంటారా. దూరం నుంచి ఎవరో చూసి పరిగెత్తుకొచ్చి మాకు చెప్పినారు, మీ డ్రైవరును సంచితో సహా పట్టుకుని ఒడ్డునుండే బడిలోకి తీసుకుపోయినారని.  భాయ్ అప్పటికే చెప్పులు తొడుక్కుంటా ఉన్నాడు. యల్లా, పద, నువ్వు నోరు తెరవొద్దు, నేను మాట్లాడతా అన్నాడు నాతో. ఇసుకలో పడి అడ్డంగా పోయినాం, రోడ్డు మీద పోయేంత ఓపిక లేక.

ఆ బడిని వాళ్ళు ఠాణా చేసుకున్నారు. వాకిట్లోనే చెప్పులు విప్పించి, చేతులు పైకెత్తించి, ఒళ్ళంతా తడిమి లోపలికి పంపినారు. పిల్లల బెంచీలు ఒక గోడకు నెట్టేసి ఉన్నాయి. మేజా మీద మా ఖాకీ బట్టలు పరచి ఉన్నాయి. మూలన బావ. ఒక కన్ను మూసుకుపోయి ఉంది, పెదవి చీలి ఉంది. నన్ను చూసి మొగం తిప్పుకున్నాడు. ఎందుకొచ్చినావురా అని ఆ తిప్పుకోవడంలోనే తిట్టినాడు.

ఆఫీసరు నడివయసు మనిషి, నిద్రలేక కండ్లు ఎర్రగా ఉన్నాయి. భాయ్ సయ్యదీ సయ్యదీ అంటా మొత్తం చెప్పినాడు. మేము హిందీలం, ఇండియా వాళ్ళం, ఇది నాటకం బట్ట, నేనే కుట్టినా, ఈయన డ్రైవరు, ఇదో ఈయన ఇఖామా, ఇక్కడ ఉండేదానికి ఇచ్చిన కార్డు. ఆఫీసరు విన్నాడు. ఏ నాటకం అని అడిగినాడు. ఇంగ్లీషోళ్ళ నాటకమని భాయ్ చెప్పినాడు. ఇంగ్లీషు నాటకంలో కువైటీ పోలీసు బట్టలెందుకని ఆయన అడిగినాడు.  మా ఊరి జనం ఖాకీ లేకుంటే నమ్మరని ఏ భాషలో చెప్పేది? నేను ఆగలేక, వచ్చిన ముక్కలు అరబ్బీలో, నక్షత్రం తిప్పి చూడు, పాల డబ్బా అన్నా. భాయ్ నా కాలు తొక్కినాడు. ఆఫీసరు ఒక నక్షత్రం పీకి తిప్పినాడు. వెనక ఆవు బొమ్మ సగం ఉంది. దాన్ని వేళ్ళతో తిప్పుకుంటా చాలాసేపు కూర్చున్నాడు.

తర్వాత ఆయన చెప్పింది భాయ్ మాకు తెలుగులో చెప్పినాడు.

"ఆడి చూపించమంటున్నాడు. నాటకమైతే ఆడతారు, అబద్ధమైతే ఆడలేరు అంటున్నాడు."

బావకు ఆ బట్టలు తొడిగించినారు.  ఆఫీసరు కుర్చీ ఈడ్చుకుని కూర్చున్నాడు, టీ గ్లాసు తెచ్చి ఇచ్చినారు. వాకిట్లో సిపాయిలు తుపాకులు ఆనించుకుని మూగినారు. పక్క గదిలో ఎవరో మూలుగుతా ఉన్నారు. ఆ మూలుగు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ మనిషికి నాటకం ఆడేవాళ్ళు ఎవరూ లేరు.

నేను బడి గది మధ్యలో బండల మీద పడుకున్నా. చల్లగా ఉన్నాయి. కండ్లు మూసుకున్నా. ఆ తర్వాత జరిగింది నేను చూసింది కాదు, విన్నది.

భాయ్ నెత్తిన రుమాలు కప్పుకుని సత్రం ఆమె గొంతు పెట్టినాడు. ఒక డైలాగు తెలుగులో చెప్పడం, వెంటనే తన గొంతుతో అరబ్బీలో చెప్పడం. డాక్టరు మాటలు, మేనల్లుడి మాటలు కూడా ఆయనే. అయ్యా ఇన్‌స్పెక్టరు గారూ, నా సత్రమున ఇట్టి ఘోరము మునుపెన్నడునూ జరిగి యెరుగము. ఇప్పుడు బావ అందుకోవాల. అందుకోలేదు. భాయ్ మళ్ళీ అన్నాడు. బావ నోట్లోంచి మాట రాలేదు. ఆ డైలాగు నాకు వచ్చు, నాకు నాలుక చివరన ఉంది, అమ్మా దుఃఖింపకుము అని మొదలవుతుంది, నేను చచ్చి ఉన్నా. గుండె దబదబా కొట్టుకుంటా ఉంటే రొమ్ము ఎగిరి పడుతుందేమో, వాళ్ళకు కనపడుతుందేమో అని భయం. మూడోసారి భాయ్ అందిచ్చినాక బావ మొదలుపెట్టినాడు. రిహార్సల్లో గ్యారేజీ రేకులు అదిరేటట్లు అరిచే మనిషి, చంటిబిడ్డను పండుకోబెట్టేవాని మాదిరి మెల్లగా చెప్పినాడు. చీలిన పెదవికి ఒత్తులు పలకలేదు.

అట్లా నడిచి నడిచి నా కాళ్ళ దగ్గరికి వచ్చినాడు. అమ్మా, సముద్రస్నానమునకు ఇసుకలో నడిచి వచ్చినవాని పాదములకు ఇసుక ఏదమ్మా? భాయ్ అరబ్బీలో చెప్పినాడు. చెప్పడం అయిపోగానే ఆఫీసరు గొంతు వినపడింది. ఆగమన్నాడు. కుర్చీ జరిగింది. బూట్లు నా దగ్గరికి వచ్చి ఆగినాయి.

ఆయన అన్న మాటల్లో రమల్ అనే మాట ఒకటి నాకు తెలుసు. ఇసుక. ఆ ఒక్క మాటతో నాకు మొత్తం అర్థమైపోయింది. మేము ఒడ్డు ఇసుకలో అడ్డంపడి వచ్చినోళ్ళం. చెప్పులు బయట విప్పించినారు. నా రెండు పాదాలూ మడమల దాకా ఇసుకే.  భాయ్ తెలుగులో చెప్పినాడు.

"ఇసుక ఉంది కదా, అబద్ధం చెబుతున్నాడు అంటున్నాడు."

ఇంక ఖలాస్ అనుకున్నా.  అప్పుడు బావ మోకాళ్ళ మీద కూర్చున్న చప్పుడు. ఆయన చెయ్యి నా పాదం మీద పడింది. అరచేత్తో నా అరికాలు తుడిచినాడు. వేళ్ళ సందులు తుడిచినాడు. మడమ తుడిచినాడు. తర్వాత రెండో కాలు.

మా నాయన ముందే పోయినాడు. మా అక్క పెండ్లిలో పళ్ళెం పెట్టి, ఈయన కాళ్ళు కడిగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నది నేనే. అక్క మొగుడు మాకు దేవునితో సమానం. ఆ మనిషి నా కాళ్ళు పట్టుకుని తుడుస్తా ఉంటే, లేచి కూర్చుని వద్దు బావా అనేదానికి లేదు, కాలు వెనక్కి లాక్కునేదానికి లేదు. తుడుస్తానే, తల ఎత్తకుండా, నాకు మాత్రమే వినపడేటట్లు అన్నాడు.

"నేను రాను గానీ నువ్వు బస్సెక్కి పోరా. మీ అక్కకు ఈ సంగతి చెప్పొద్దు. కారు గుద్దింది, నొప్పి తెలియలేదు అని చెప్పు."

శవం ఏం జవాబు చెబుతుంది? కనురెప్పల కింద నీళ్ళు ఊరుతా ఉన్నాయి. ఒక్క చుక్క బయటికి జారితే అందరం పోతాం. పండ్లు బిగబట్టి, మా ఊరి కొండలు, గ్యారేజీలో విప్పిన ఇంజన్లు, ఏదేదో తలుచుకున్నా. బావ లేచి నిలబడినాడు. రెండు చేతులూ దులుపుకున్నాడు.

"ఇప్పుడు లేదు సయ్యదీ" అన్నాడు. "ఆ రోజు కూడా లేదు."

భాయ్ అది చెప్పినాడు.  తర్వాత వాకిట్లో ఒక సిపాయి ఫక్కుమన్నాడు. వాని వెంట ఇంకొకడు. కడాకు ఆఫీసరు కూడా నగినాడు. కుర్చీలో పోయి కూర్చుని, సరే, ఇసుక లేదు, ఎవరు చంపినారు అన్నాడు. వాళ్ళల్లో వాళ్ళు గొడవ పడినారు. డాక్టరని ఒకడు, మేనల్లుడని ఒకడు, ఆఫీసరు గుర్రపుబండి వాడన్నాడు. మా నాటకంలో గుర్రపుబండి వాడే లేడు. అప్పుడు నాకు తెలిసింది, వాళ్ళు ఇప్పుడు తుపాకులు పట్టుకున్న జనం కాదు, ఉత్త జనమని. బావ కర్ర లేని చెయ్యి చాపి సత్రం ఆమెను చూపించినాడు. భాయ్ మోకాళ్ళ మీద పడి ఏడ్చినాడు. అది నటన కాదని మాకు ముగ్గురికీ తెలుసు.

బట్టలు అక్కడే విప్పించి, బడి ముందర వేసి కాల్చినారు. బావను బనీనుతో, చెడ్డీతో పొమ్మన్నారు. భాయ్ తన రుమాలు ఆయన నడుముకు చుట్టినాడు.  ఆ ఆఫీసరు మంచివాడా అని నన్ను కొందరు అడుగుతారు. నాకు తెలియదు. పక్క గదిలో మూలుగు మేము వచ్చేటప్పుడు కూడా వినపడుతూనే ఉండింది.

కొన్నాళ్ళకు ముగ్గురికీ బస్సు దొరికింది. బాగ్దాదు దాటి, జోర్డాన్ దేశం ఎడారిలో గుడారాలు వేసి పడేసినారు మమ్మల్ని. విమానం వంతు వచ్చేదాకా అక్కడే. నీళ్ళకు వరస, రొట్టెకు వరస, కండ్లలో నోట్లో దుమ్ము. అక్కడ మనోళ్ళు చాలామంది కలిసినారు. బావను ఎరిగినవాళ్ళు, ఏదన్నా ఒక సీను ఆడన్నా, పొద్దుపోవడం లేదని బతిమాలేవాళ్ళు. డైలాగులన్నీ మరిచిపోయినా అనేవాడు. నాటకం పేరెత్తితే లేచి బయటికి పోయేవాడు.

మధ్యాహ్నాలు ఎండకు గుడారంలో సొమ్మసిల్లి పడుకునేవాణ్ణి. ఇట్ల కన్ను మూతపడేదో లేదో, బావ భుజం పట్టుకుని కుదిపేవాడు. ఏంది బావా అంటే, నీళ్ళు తాగుతావా అనేవాడు. మళ్ళీ కునుకు పడితే మళ్ళీ కుదిపేవాడు, ఎండ తగులుతా ఉందేమో ఇటు జరుగు అని. రోజూ ఇదే. నాకు తిక్క రేగింది. ఒకరోజు లేచి కూర్చుని, ఎడారిలో ఒక కునుకు కూడా తీయనియ్యవా, నీకు నేనేం పాపం చేసినా అని గట్టిగా అరిచినా. పక్కనోళ్ళు కూడా చూసినారు. బావ మొగం చిన్నబోయింది. నా కాళ్ళ దిక్కు చూస్తా అన్నాడు.

"నువ్వట్లా కదలకుండా పండుకుంటే నాకు ఓర్వలేకుండా ఉంది రా."

నేనేమో ఇన్నాళ్ళూ ఆయన చచ్చిపోయేవాడే, దేవుడు కాపాడినాడు అనుకుంటా ఉన్నా. ఆ బండల మీద ఆయన ముందు పడి ఉన్నది నేను. ఆయన కడా మాటలు చెప్పుకున్నది నా శవానికి. ఆ సంగతి అప్పటిదాకా నా మట్టిబుర్రకు తోచలేదు. ఆ రోజు నుంచి నేను పడుకుంటే కాలు ఊపుతా పడుకునేవాణ్ణి. ఒక కాలు మీద ఇంకో కాలు వేసుకుని, బొటనవేలన్నా ఆడిస్తా ఉండేవాణ్ణి. బావ గుడారం గుంజకు ఆనుకుని కూర్చుని, ఆ కాలు చూస్తా నెమ్మదిగా ఉండేవాడు. కొన్నిసార్లు ఆయనే కునుకు తీసేవాడు.

ఊరికి వచ్చినాం. మా అక్క నవ్వీ ఏడ్చీ, ఏడ్చీ నవ్వీ ఇంటిల్లిపాదికీ వండిపెట్టింది. బావ పెదవి మీద మచ్చ ఏందని అడిగితే, కారు డోరు తగిలిందని నేనే చెప్పినా. తిన్నాక నేను వసారాలో మంచం మీద పండుకున్నా. కాలు దానంతటదే ఊగుతా ఉంది, అలవాటైపోయి. మా అక్క ఎంగిలి పళ్ళేలు తీస్తా చూసి, ఇదేం పాడు అలవాటు రా, కాళ్ళు ఊపితే ఇంటికి దరిద్రమని తెలియదా, కువైట్‌కు పోయి ఇదేనా నేర్చుకొచ్చింది అని నా కాలు మీద ఒకటి వేసింది. నేను ఆపినా.

వాకిట్లో కూర్చున్న బావ తిరిగి చూసినాడు. ఆగిపోయిన నా కాలు చూసినాడు.

"ఊపనీలేవే" అన్నాడు మా అక్కతో. "వాణ్ణి ఊపనీ."